లెక్కకు రాని కాలు: గోదావరి డెల్టాలో బోదకాలు, ఆరోగ్య సమానత

జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. ఆ కార్యక్రమానికి సిబ్బందిని తయారుచేసిన శిక్షణ, పరిశోధన కేంద్రాల్లో కోళికోడ్, వారణాసిలతో పాటు రాజమండ్రి కూడా ఒకటి. అంటే బోదకాలు గురించి దేశానికి పాఠం చెప్పిన ఊళ్లలో గోదావరి ఒడ్డునున్న ఈ ఊరొకటి. అదే డెల్టాలో కాలు వాచిన మనిషికి ఆరోగ్య వ్యవస్థ ఏ మేరకు అందుతోందన్నది ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టాకు పంట కాలువలు వచ్చాయి. బోదకాలును మోసే క్యూలెక్స్ దోమకు మాత్రం వరిచేను నీటికన్నా మురుగే ఇష్టం. ఇంటి వెనక నిలిచిన వాడకం నీరు, మూతలేని సెప్టిక్ ట్యాంకు, పూడిపోయిన డ్రెయిను దానికి పుట్టిళ్లు. కాలువ గట్టు మీద, పుంత పక్కన గుడిసె వేసుకున్న కుటుంబానికి మురుగు పోయే దారే ఉండదు. కాబట్టి ఈ జబ్బు ఎవరిని ఎక్కువగా పట్టుకుంటుందనేది ఇంటి స్థలం దగ్గరే చాలావరకు తేలిపోతుంది.

ఈ జబ్బు స్వభావంలోనే ఒక చిక్కుంది. దీన్ని తెచ్చే పురుగుల పిల్లలు రాత్రిపూటే పైనెత్తురులోకి వస్తాయి. అందుకే రక్తపూతల బృందాలు చీకటి పడ్డాక ఇల్లిల్లూ తిరుగుతాయి. అలా పురుగు దొరికినవారిలో చాలామంది చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటారు. కాలు పూర్తిగా వాచిపోయినవారి నెత్తుట్లో తరచుగా పురుగు కనిపించదు. నెత్తురును లెక్కించే పద్ధతికి వాపు కనిపించదు.

2004 నుంచి దేశంలో సామూహిక మందుల పంపిణీ సాగుతోంది. మొదట డీఈసీ ఒక్కటే ఇచ్చేవారు, తర్వాత ఆల్బెండజోల్ కలిపారు, 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా తోడైంది. ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి మాత్ర మింగించాలి. కూలికి పొద్దున్నే వెళ్లిపోయినవాళ్లు, చెరువు గట్ల మీద కాపలా ఉండేవాళ్లు ఆ వేళకు ఇంట్లో ఉండరు. పంపిణీ ఆపవచ్చో లేదో తేల్చడానికి ప్రధానంగా ఆరేడేళ్ల పిల్లలను పరీక్షిస్తారు. వ్యాప్తి ఆగిందా అని తెలుసుకోవడానికి అది సరైన పద్ధతే, దానితో నాకు పేచీ లేదు. ఈ జబ్బును నిర్మూలించినట్టు శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందాయి. మన దేశం 2027ను గడువుగా పెట్టుకుంది. ఆ గడువు నాటికి వ్యాప్తి ఆగినా, ఇప్పటికే వాచిన కాళ్లు మిగిలే ఉంటాయి.

నాట్ల కూలికి వెళ్లే స్త్రీ సంగతి చూద్దాం. వాచిన కాలితో బురదలో గంటల తరబడి వంగి నిలబడాలి. వేళ్ల సందుల్లో చర్మం ఒరుస్తుంది, ఆ పగులులోంచి సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. సాయంత్రానికి చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ, ఎర్రబడి కాలిపోతున్న పిక్క. నాలుగైదు రోజుల కూలి పోతుంది, ఆరెంపీ దగ్గర సూదులకు ఖర్చవుతుంది. జ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకొంచెం గట్టిపడుతుంది. దీన్ని ఆపే వైద్యం చాలా మామూలుది: రోజూ సబ్బుతో కడగడం, వేళ్ల మధ్య తడి లేకుండా తుడవడం, పగుళ్లకు మందు రాయడం, పడుకున్నప్పుడు కాలు ఎత్తున పెట్టడం.

ఇంత మామూలు వైద్యానికే మన వ్యవస్థలో చోటు తక్కువ. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ గానీ, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ గానీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు డబ్బు కడతాయి. గుండె ఆపరేషన్‌కు దిక్కులేని కుటుంబాలను అవి నిజంగా ఆదుకున్నాయి, ఆ మేలు చిన్నది కాదు. కానీ ఏళ్ల తరబడి రోజూ కడుక్కోవాల్సిన కాలు ఏ ప్యాకేజీలోనూ ఇమడదు. అవసరం ఎక్కువున్న చోటే వైద్యం తక్కువ అందుతుందని 1971లో బ్రిటిష్ వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ రాశాడు. డెల్టాలో 2023లో రాజమండ్రి, ఏలూరులకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, కాకినాడలో రంగరాయ కళాశాల 1958 నుంచీ ఉంది. పడకలు పెరిగినంత మాత్రాన ఈ కొరత తీరదు.

ఇదే సంగతిని పింఛను నిబంధన ఇంకా సూటిగా చెబుతుంది. రాష్ట్రంలో బోదకాలు పింఛను రెండు కాళ్లకూ నాలుగో దశ వాపు ఉన్నవారికే. 2024లో దాన్ని 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. పెంపు న్యాయమైనదే. ఒక కాలికే వాపున్నవారు, రెండో దశలోనో మూడో దశలోనో ఉన్నవారు ఆ తరగతిలోకి రారు. నిజానికి వాపు ముదరకుండా ఆపగలిగేది ఆ దశల్లోనే, సాయం అప్పుడే ఎక్కువ పనికొస్తుంది.

జాతీయ కార్యక్రమం కింద రోగులకు ఒక కిట్ ఇస్తారు: టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, పూతమందు. టబ్బు ఏళ్లపాటు ఉంటుంది. రోజూ వాడే సబ్బు, పూతమందు కొద్ది వారాల్లోనే అయిపోతాయి. వాటిని మళ్లీ మళ్లీ ఇవ్వడం, ఊరి హెల్త్ క్లినిక్ రిజిస్టర్‌లో ప్రతి కాలికీ దశ, జ్వరం వచ్చిన తేదీ రాసి ఉంచడం ఒక ఏఎన్ఎం చేయగల పని. ఒరిసిన చర్మానికి తొలి పగులు పడ్డనాడే మందు అందితే, నాట్లకు వెళ్లే ఆ స్త్రీకి ఆ సీజను కూలి పోకుండా ఉంటుంది.