ఖమ్మం వేలిముద్రలు: చదవలేని పత్రం సమ్మతి అవుతుందా?

సమ్మతి అనగానే మనం 1947 నాటి నూరెంబర్గ్ నియమావళి రాసేసి ఊరుకుంటాం. మన ఖమ్మం ఉదాహరణ అంతకంటే బలమైనది.

2009 జులైలో అమెరికా సంస్థ పాథ్, ఐసీఎంఆర్, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా అధ్యయనం మొదలుపెట్టాయి. వారిలో ఆదివాసీ హాస్టల్ పిల్లలు చాలామంది. కొందరు బాలికల మరణాలతో దుమారం రేగి, 2010 ఏప్రిల్‌లో నిలిపేశారు. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. లోపం దొరికింది సమ్మతి పత్రాల్లో.

2013లో వచ్చిన పార్లమెంటరీ స్థాయీ సంఘం 72వ నివేదిక చెప్పిన లెక్క: 9,543 పత్రాల్లో 1,948పై వేలిముద్రలు, 2,763పై హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

వేలిముద్ర వేయడం తప్పు కాదు. ఆ కాగితాన్ని ఎవరు చదివి వినిపించారు, ఏ భాషలో అన్నదే ప్రశ్న. ఇంట్లో కోయ మాట్లాడే తల్లికి, తెలుగు ఎంత సులువుగా రాసినా, చదువు రాకపోతే అది ఉత్త కాగితమే. ఇక వార్డెన్ సంతకం పెట్టేశాక, ఆ పత్రం తల్లిదాండ్రుల దాకా వెళ్లాల్సిన అవసరమే లేకపోయింది!

2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, చదవలేనివారికి వివరించేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా నిష్పాక్షిక సాక్షి ఉండి, సంతకం చేయాలి.