మార్కుల తూకంలో మాస్టారు: 1862 నుంచి మన ఏజెన్సీ బడిదాకా



మనలో చాలామందిమి డీఎస్సీకి చదువుతున్నాం. రేపు ఏజెన్సీ బడుల్లో మనమే సార్లం, మేడంలం. అందుకే టీచర్ పనిని పిల్లల మార్కులతో కొలిచే పద్ధతి చరిత్రను ఒకసారి చూద్దాం.

ఇంగ్లండులో 1862లో 'రివైజ్డ్ కోడ్' వచ్చింది. దాన్ని తెచ్చింది రాబర్ట్ లోవ్. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కల్లో ఒక్కో పిల్లకూ పరీక్ష పెట్టేవాడు. ఆరేళ్లు దాటిన పిల్ల హాజరుకు 4 షిల్లింగులు, మూడింట్లో పాసైతే మరో 8 షిల్లింగులు బడికి గ్రాంటు. ఒక్కో సబ్జెక్టు తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. అంతకుముందు టీచర్లకు నేరుగా అందే ప్రభుత్వ సొమ్ము ఆగిపోయింది. గ్రాంటు యాజమాన్యం చేతికి పోయింది. చాలాచోట్ల టీచర్ జీతం దానితోనే ముడిపడింది. 1846లో చూపించిన పెన్షన్ ఆశ కూడా పోయింది.

ఇక ఏమవుతుంది? ఒక పిల్ల జ్వరంతో పడుకున్నా టీచర్ జీతానికి భయమే. పాఠం అర్థమైందా లేదా అని చూసే తీరిక లేదు. పుస్తకం మొత్తం బట్టీ పట్టించడమే పని. కవి మాథ్యూ ఆర్నల్డ్ స్వయంగా బడుల ఇన్‌స్పెక్టరు. ఈ పద్ధతి చదువును యంత్రంలా మార్చేసిందని ఆయన తన రిపోర్టుల్లోనే రాశాడు. రిటైరైన చీఫ్ ఇన్‌స్పెక్టరు ఎడ్మండ్ హోమ్స్ 1911లో పుస్తకమే రాశాడు. టీచర్ సొంతంగా ఆలోచించకుండా ఈ పద్ధతి చేతులు కట్టేసిందన్నది ఆయన బాధ. 1870లో పుట్టిన టీచర్ల యూనియన్ ఏళ్ల తరబడి పోరాడింది. 1890ల్లో గానీ ఆ పద్ధతి పోలేదు.

ఇది మనకు దూరపు కథ కాదు. తెలుగు జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చేవాళ్లు. 1882 నాటి హంటర్ కమిషన్ ప్రాథమిక బడులకు దాన్నే సిఫారసు చేసింది. కర్జన్ కాలంలో, 1904 తీర్మానంతో ప్రభుత్వం ఆ దారి వదిలేసింది.

ఆ రోజుల్లోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు, బడి నడిపారు. ఆ పనిని ఏ పాస్ పర్సంటేజీ కొలుస్తుంది?

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ఇంట్లో కోయ, గోండి, కువి, సవర మాట్లాడే పిల్ల తెలుగు పుస్తకంతో మొదలుపెడుతుంది. పట్నం పిల్ల నిలబడ్డ చోటికి రావడానికే ఆమెకు ఏళ్లు పడుతుంది. అక్కడిదాకా చెయ్యి పట్టి తీసుకొచ్చిన టీచర్ కష్టం రిజల్టు కాగితంలో కనబడదు. పైగా తక్కువ పర్సంటేజీకి సంజాయిషీ ఇవ్వాల్సిందీ ఆ టీచరే. అలాంటి చోట పనిచేయడానికి ఎవరు ఇష్టపడతారు? చివరికి నష్టం మన పిల్లలకే.

అలాగని టీచర్‌ను అడగొద్దని మనం అనం. బడికి రాని టీచర్ వల్ల మన గూడేలు ఎంత నష్టపోయాయో మనకు తెలుసు. రోజూ బడికి వస్తున్నారా, పిల్ల భాష నేర్చుకున్నారా, జూన్‌లో ఎక్కడున్న పిల్ల మార్చికి ఎక్కడికి చేరింది అని గ్రామసభలో, తల్లిదండ్రుల కమిటీలో గట్టిగా అడుగుదాం. పాస్ పర్సంటేజీ ఒక్కటే చూసి మాత్రం తీర్పు చెప్పొద్దు. రేపు ఆ కుర్చీలో ఉండేది మనమే.