నదుల పేరు మిగిలిన కొండ

1956 ఫిబ్రవరిలో ఒక ఒంటెల బిడారు అల్జీరియా ఆగ్నేయ మూలనున్న జానెట్ ఒయాసిస్ నుంచి కొండెక్కింది. ఒంటెల వీపుల మీద బొమ్మలు గీసే బల్లలు, కాగితపు చుట్టలు, రంగులు. వెంట పారిస్ నుంచి వచ్చిన కుర్ర చిత్రకారులు. ముందు నడిచే పెద్దాయన జెబ్రీన్ అగ్ మహమ్మద్, తువారెగ్ మనిషి. ఆ ప్రయాణానికి ఇప్పుడు దాదాపు 70 ఏళ్లు.

వాళ్లు ఎక్కిన కొండ తస్సిలి నజ్జర్. సహారా నడుమ ఇసుకరాతి పీఠభూమి. గాలీ, ఒకనాటి నీళ్లూ కలిసి కోసిన రాతి స్తంభాల మహారణ్యం. ఇక్కడి జాతీయ ఉద్యానం విస్తీర్ణమే 72,000 చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణలో దాదాపు మూడింట రెండొంతులు. తువారెగ్‌ల భాషలో ఆ పేరుకి నదుల పీఠభూమి అని అర్థం చెబుతారు. ఇవాళ అక్కడ నదులు లేవు. ఎప్పుడో వానలు కురిసిన కాలానికి సాక్ష్యంగా రెండు వందల చిల్లర సైప్రస్ చెట్లున్నాయి. వాటిలో కొన్ని రెండు వేల ఏళ్లు దాటినవి.

అసలు సాక్ష్యం రాళ్ల మీదుంది. లెక్కకొచ్చిన బొమ్మలే 15,000 పైచిలుకు. మొదట చెక్కడాలు: ఏనుగు, జిరాఫీ, ఖడ్గమృగం, ఇప్పుడు భూమ్మీదే లేని పెద్ద అడవి దున్న. తర్వాత గుండ్రటి తలల మనుషులు. ఆపైన ఆవుల మందలు. మన ఒంగోలు గిత్తకున్న మూపురం వీటికి లేదు. పొడవాటి కొమ్ములు, మచ్చల ఒళ్లు. పక్కనే గుడిసెలు, ఆడవాళ్లు, పిల్లలు. వాటిని చూస్తే ఆ గీసినవాడికి ఒక్కో ఆవూ పేరుతో తెలుసనిపిస్తుంది నాకు. సుమారు 5,000 ఏళ్ల కిందట వానలు ముఖం చాటేశాయి. మందలు వెళ్లిపోయాయి. గుర్రపు రథాలు వచ్చాయి, రెండు వేల ఏళ్ల కిందట ఒంటె వచ్చింది. బొమ్మలు చిన్నవైపోయాయి.

1933లో ఒంటెల దళానికి చెందిన బ్రెనాన్ అనే ఫ్రెంచి లెఫ్టినెంట్ తస్సిలిలోని జెరాత్ లోయలోకి గస్తీకి వెళ్లి ఆ ఏనుగుల్ని చూశాడు. చూసి ఊరుకోలేదు, నోటు పుస్తకంలో గీసుకున్నాడు. ఆ గీతలే ఫ్రెంచి పరిశోధకుడు ఆన్రీ లోట్‌ని తస్సిలికి రప్పించాయి, ఇరవై మూడేళ్ల తర్వాత ఆయన బిడారుని కొండెక్కించాయి.

నాకు ఈ కథలో ప్రాణమంతా ఆ కొండ మీది రోజుల్లోనే ఉంది. కనుమ నిట్టనిలువు. రాత్రి వణికించే చలి, తాగేనీటికి కటకట. చిత్రకారులు రాతి చూరుల కింద మోకాళ్ల మీద వంగి, పలచని కాగితం గోడకు పెట్టి గీతలు దింపుకునేవాళ్లు. ఆ గీతల్ని పెద్ద కాగితానికెక్కించి, గోడ పక్కనే కూర్చుని రంగు సరిచూసుకుంటూ అద్దేవాళ్లు. ఒక బొమ్మ దాదాపు 6 మీటర్ల ఎత్తు. కన్నూ ముక్కూ లేని గుండ్రటి తల. లోట్ సరదాగా దానికి అంగారకుడి దేవుడని పేరు పెట్టాడు. తర్వాత కొందరు ఆ మాట పట్టుకుని గ్రహాంతరవాసులు దిగారని పుస్తకాలు రాశారు. ఆ బొమ్మ గీసినవాళ్లు ఇక్కడి మనుషులే. ఆ గొప్పతనం వాళ్ల నుంచి లాక్కోకూడదు.

వందలాది నకళ్లు పారిస్ చేరాయి. 1957-58లో ప్రదర్శన పెడితే జనం విరగబడి చూశారు. సహారా ఒకప్పుడు పచ్చిక బయలని సామాన్యుడికి తెలిసింది అప్పుడే.

ఆ మేలు పక్కనే ఒక కీడు కూడా జరిగింది. వెలిసిన రంగు స్పష్టంగా కనబడాలని గోడల్ని తడి స్పాంజితో తుడిచారు. వేల ఏళ్లు ఎండను, గాలిని తట్టుకున్న రంగు ఆ నీటికి తట్టుకోలేదు. వచ్చిన యాత్రికులూ తర్వాత అదే పని చేశారు. పక్షి తలల దేవతల బొమ్మలైతే బృందంలోని వాళ్లే గీసి కలిపినవని తేలింది. లోట్ పట్టుదల మీద నాకు గౌరవం ఉంది, అయినా ఇది క్షమించదగ్గ పొరపాటు కాదు.

ఆ తర్వాతి కథ ఒక దారిన సాగదు. బిడారు కొండెక్కిన ఏడాదే సహారాలో చమురు పడింది. ఉత్తరాన స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది. 1962లో అల్జీరియాకి స్వేచ్ఛ వచ్చింది. 1972లో జాతీయ ఉద్యానం, 1982లో యునెస్కో గుర్తింపు. యాత్రికులొచ్చారు. 2003లో సహారాలో 32 మంది యూరప్ యాత్రికుల్ని సాయుధులు అపహరించాక యాత్రికుల రాక తగ్గింది, వాళ్లనే నమ్ముకున్న తువారెగ్ కుటుంబాలకి పని పోయింది.

జానెట్ దగ్గర ఒక బండ మీద, కంటి కింద నీటిబొట్టుతో ఆవులు చెక్కి ఉన్నాయి. నీళ్లకని వచ్చి, చెలమ ఎండిపోయి కనిపిస్తే ఏడ్చాయని అక్కడివాళ్లు చెబుతారు. ఆ కొండలో దారులు, చూరులు వాళ్లకు తరతరాలుగా తెలుసు. వాళ్లు దారి చూపకపోతే బ్రెనాన్‌కీ లోట్‌కీ ఏదీ కనబడేది కాదు. తస్సిలి బొమ్మల గురించి మీ పిల్లలకు చెప్పేటప్పుడు లోట్ కంటే ముందు జెబ్రీన్ పేరు చెప్పండి.