ఊపిరి ఊదినవారు, ఱొమ్ము నొక్కినవారు

పదునెనిమిదవ శతాబ్ది చివర లండను నగరమున, థేమ్సు నదిలో మునిగి ఊపిరి విడిచినట్లు తోచిన వానిని ఒడ్డునకు చేర్చిన వెంటనే, వాని గుదద్వారమున గొట్టము నుంచి, తిత్తితో పొగాకు పొగను లోనికి ఎక్కించుచుండిరని చదివినప్పుడు నాకు కలిగిన ఆనందమునకు మేర లేకపోయెను. ఇది ఏ మాయవైద్యుని వెఱ్ఱియో కాదు; పేరుమోసిన వైద్యులు అంగీకరించిన చికిత్స; దానికి వలయు తిత్తులను, గొట్టములను పెట్టెలలో సర్ది నదీతీరమున అక్కడక్కడ సిద్ధముగ ఉంచెడివారు. పొగ వేడిమి చల్లబడిన దేహమును కాచుననియు, దాని ఘాటు నిద్రించిన ప్రాణమును రేపుననియు వారి విశ్వాసము. చుట్టను నిప్పువైపు నోటనుంచుకొను అడ్డపొగలో ఆరితేరిన మన విశాఖ, శ్రీకాకుళ మండలముల ముసలమ్మలకు సైతము ఈ అడ్డదారి తోచియుండదు. పొగాకులోని విషము గుండెనే ఆపివేయునని 1811లో బెంజమిన్ బ్రోడీ అను వైద్యుడు జంతువులపై ప్రయోగించి చూపిన పిమ్మట ఆ పెట్టెలు క్రమముగ అటకనెక్కినవి.

సి.పి.ఆర్. అని నేడు మనము పిలుచుచున్న విద్యకు వంశవృక్షము గీయబూనిన వానికి ఈ పొగగొట్టము పెదతాతవలె ఎదురగును. పెదతాత చాదస్తుడే గాని ఇల్లు కట్టినవాడు ఆయనయే. కాలువల నగరమైన ఆమ్‌స్టర్‌డామున 1767లో కొందఱు పౌరులు నీట మునిగినవారి రక్షణకై ఒక సంఘమును నెలకొల్పగా, దాని నివేదికలను థామస్ కోగన్ అను వైద్యుడు 1773లో ఆంగ్లమున వెలయించెను. ఆ దినములలోనే లండనులో విలియం హాస్ అను మఱియొక వైద్యుడు, నీటినుండి తీసిన దేహమును త్వరగా తనయొద్దకు తెచ్చినవారికి సొంత సొమ్మునుండి బహుమానము లిచ్చుచుండెను. ఇట్లయిన ఇల్లు గుల్లయగునని తెలిసి, ఇరువురును తమ తమ మిత్రులను వెంటబెట్టుకొని 1774 ఏప్రిలులో ఒక కాఫీ హోటలున సమావేశమై స్థాపించిన సంఘమే తరువాత రాయల్ హ్యూమేన్ సొసైటీ యని ప్రసిద్ధి కెక్కినది.

ఆ సంఘపు నియమములను ఎన్నిసార్లు చదివినను నాకు తనివి తీరదు. రక్షింప యత్నించినవారికి రెండు గినీలు. ప్రాణము నిలిచినచో నాలుగు. శవమేమో యని వెఱవక దేహమును లోనికి రానిచ్చిన పూటకూళ్లయింటివానికి ఒక గినీ. అనగా, ఫలింపని ప్రయత్నమునకును పారితోషికము కలదు! లోకము లోకమే గనుక, ఒకడు మునిగినట్లును వేఱొకడు తీసినట్లును నటించి సొమ్ము పంచుకొను జతలు బయలుదేరగా, కాలక్రమమున గినీలు పోయి పతకములు వచ్చినవి. ఆరిన దివిటీని, నిప్పురవ్వ మిగిలియుండునేమో యని, ఊదుచున్న బాలుడు ఆ పతకముపై నేటికిని కనబడును.

ఇట్లు రక్షింపబడినవారందఱును సంతసించిరని తలపరాదు. స్త్రీల హక్కులను గూర్చి గ్రంథము వ్రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1795లో, ప్రియునిచే పరిత్యక్తయై, వానలో బట్టలు తడిసి బరువెక్కువఱకు నడచి పుట్నీ వంతెనమీదినుండి దూకగా, ఎవరో పైకి తీసి బ్రతికించిరి. ఆమె కృతజ్ఞత చెప్పుటకు మాఱు, తన్ను మరల దుఃఖములోనికి ఈడ్చితిరని లేఖలో వాపోయెను. 1797లో ఆమెకు జన్మించిన కుమార్తెయే, నిర్జీవ దేహమునకు ప్రాణము పోసిన శాస్త్రజ్ఞుని కథను ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ అను పేర లోకమున కిచ్చిన మేరీ షెల్లీ.

ఈ సంఘములన్నిటికంటె ముందే, నేటి విద్యకు నిజమైన బీజము స్కాట్లండులోని అల్లోవా అను ఊర, 1732 డిసెంబరులో పడినది. తగులబడిన బొగ్గుగనిలోనుండి జేమ్స్ బ్లెయిర్ అను పనివానిని పైకి తీయునప్పటికి నోరు తెఱచియుండెను, ఒడలు చల్లబడెను, నాడి లేదు. విలియం టొస్సాక్ అను వైద్యుడు వాని నోట నోరుంచి బలముకొలది ఊదెను. ముక్కు మూయుట మఱచినందున ఊదినదంతయు ముక్కువెంట వెడలిపోయెను. అంతట ఒక చేత ముక్కు పట్టుకొని మరల ఊదగా ఱొమ్ము నిండుగ లేచెను, వెంటనే ఆఱేడు మాఱులు గుండె వడివడిగ కొట్టుకొనుట చేతికి తెలిసెను. గంట కడచునప్పటికి పనివాడు ఆవులించెను; నాలుగు గంటలకు తన కాళ్లతో ఇల్లు చేరెను; నాలుగు దినములకు పనికి పోయెను.

ఇంతటి విద్య ఏల మఱుగుపడెను? పుట్టి ఏడ్వని శిశువునోట మంత్రసానులు ఊపిరి ఊదుట నాటి యూరపున ఎఱిగినదే. ఎఱిగినది గనుకనే పెద్దమనుష్యులకు అది పామరుల పద్ధతియై, ఎంగిలియై తోచెను. ప్రాణవాయువును కనిపెట్టిన రసాయనజ్ఞుల కాలమున, విడిచిన ఊపిరి చెడుగాలి యను శంక దానికి తోడయ్యెను. నోటికి బదులు తిత్తులు వచ్చినవి; తిత్తుల ఒత్తిడికి ఊపిరితిత్తులే చినుగునని పారిస్ నగరమున తేలగా అవియు పోయినవి. ఆపై నూఱేండ్లు రోగిని దొర్లించుట, చేతులు పైకెత్తి దింపుట, వీపు నొక్కుట మున్నగు వ్యాయామములతో గడచినవి. విద్యావంతుల రోత పామరుల చేతిలోని విద్యను ఎట్లు చంపునో చూపుటకు ఇంతకు మించిన దృష్టాంతము నే నెఱుగను.

ఊపిరి కథ ఇట్లుండగా గుండె కథలో మన హైదరాబాదు తలదూర్చినది. క్లోరోఫాము మత్తు ఇచ్చినప్పుడు రోగులు హఠాత్తుగ ఏల మరణింతురని తేల్చుటకు 1888, 1889 సంవత్సరములలో ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ధనసాయముతో ఎడ్వర్డ్ లారీ అను వైద్యుడు రెండు పరిశోధక సంఘములను నడిపెను. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ అంతటి పేరుగల వైద్యుడు వచ్చెను. మొదట ఆగునది ఊపిరియే గాని గుండె కాదనియు, కనిపెట్టవలసినది నాడిని కాదు, శ్వాసనే యనియు వారు తీర్మానించిరి. పిదప రెండేండ్లకే, 1891లో, జర్మనీలోని గట్టింగెనులో క్లోరోఫాము మత్తున ఒక బాలుని గుండె ఆగిపోగా, ఫ్రీడ్రిక్ మాస్ అను యువవైద్యుడు ఱొమ్ముపై వడివడిగ, నిమిషమునకు సుమారు 120 మాఱులు నొక్కి వానిని బ్రతికించెను. హైదరాబాదు తీర్మానమును లోకమంతయు చర్చించినది. మాస్ వ్యాసమును చదివినవారు మాత్రము మఱచిపోయిరి.

ఆ మఱపు దాదాపు డెబ్బదియేండ్లు నిలిచినది. 1958లో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్‌లో, విద్యుద్ఘాతమున మరణించుచున్న తీగల పనివారిని కాపాడు మార్గమును ఏండ్ల తరబడి వెదకుచున్న కౌవెన్‌హోవెన్ అను వృద్ధ ఇంజనీరు ప్రయోగశాలలో, నికర్‌బాకర్ అను విద్యార్థి కుక్క ఱొమ్ముపై బరువైన విద్యుత్ఫలకములను అదిమినప్పుడెల్ల, విద్యుత్తు పంపకమునుపే రక్తపుపోటు లేచుట గమనించెను. వైద్యుడు జూడ్ తోడ్పడగా 1960లో వారు ప్రకటించిన వ్యాసమున ఇరువదిమంది రోగులలో పదునలుగురు బ్రతికిరి. దీనికి వలసినవి రెండు చేతులే యని వారి సారాంశము. అదే నగరమున పీటర్ సాఫార్ అను వైద్యుడు, కండరములు చచ్చుపడు మందు నిచ్చిన స్వచ్ఛంద సేవకులపై ప్రయోగించి, తల వెనుకకు వంచి నోట ఊదిన ఊపిరి చాలునని చూపెను. టొస్సాక్ ఊపిరియు మాస్ ఒత్తిడియు ఇట్లు ఒక్కటైనవి.

విద్యయో, ఒక పూట చాలు నేర్చుటకు. భుజములు తట్టి పిలిచిన పలుకక, శ్వాస లేక, లేదా ఉండియుండి ఎగశ్వాస మాత్రమే తీయుచున్న పెద్దవానిని గట్టినేలపై వెల్లకిల పరుండబెట్టి, 108కి ఫోను చేయించి, ఱొమ్ము నడిమి ఎముక దిగువ సగముపై ఒక అరచేతి మడమ నుంచి, దానిపై రెండవ చేయి పెన వేసి, మోచేతులు వంచక, అయిదారు సెంటీమీటర్లు క్రుంగునట్లు, నిమిషమునకు 100 మొదలు 120 వఱకు నొక్కవలెను. నొక్కిన ప్రతిమాఱు ఱొమ్మును పూర్తిగ లేవనీయవలెను. అలయకుండ రెండు నిమిషముల కొకసారి మనిషి మాఱవలెను. నేర్చినవారు 30 ఒత్తిళ్లకు రెండు ఊపిరులు ఊదుదురు. నేర్వనివారికి ఒత్తిడియే చాలును. భారత మత్తువైద్యుల సంఘము 2017లో సామాన్యులకై రూపొందించిన పద్ధతియు ఒత్తిడి మాత్రమే గలది. నీట మునిగినవారికి మాత్రము ఊపిరి ఊదుట నేటికిని ముఖ్యమే.

ఇంత సులభమైనది మనకు ఏల అబ్బలేదన, చేయి వేసినవాని మెడకు కేసు చుట్టుకొనునన్న భయము మన వీథులలో ఇంకను పోలేదు. రోడ్డు ప్రమాదములలో సాయపడినవారికి 2019 మోటారు వాహనముల సవరణ చట్టము రక్షణ నిచ్చినదన్న సంగతి ఎందఱికి తెలియును? లండను సంఘపు నియమమును నేనైతే పాఠశాలలలో, కర్మాగారములలో, జాతరలలో మరల ప్రవేశపెట్టుదును: రోగి బ్రతికెనా లేదా యని పిదప విచారింతము గాని, చేయి వేసినవానిని ముందు గౌరవింతము.