తీరంలో చెత్త ఎవరిది?

సముద్రతీరాలలో ప్లాస్టిక్ చెత్త పేరుకొనటానికి జనంలో శుభ్రత లేకపోవటమే కారణమనే అభిప్రాయం మనలో బలంగా నాటుకొన్నది. సెలవునాడు విద్యార్థులచేత ఇసుకలో చెత్త ఏరించి, బాధ్యత తీరిందనుకొంటున్నాము. ఈ అభిప్రాయానికి కూడా ఒక చరిత్ర ఉన్నది.

పాలిథీన్‌ను 1933లో ఇంగ్లండులో ఐ.సి.ఐ. కంపెనీ ప్రయోగశాలలో కనుగొన్నారు. రెండవ ప్రపంచయుద్ధంలో అది రాడారు తీగలకు తొడుగుగా ఉపయోగపడింది. యుద్ధం ముగియగానే పరిశ్రమకు కొత్త మార్కెట్టు కావలసివచ్చింది. మన్నే వస్తువును ఒకసారే కొంటారు. వాడి పారవేసే వస్తువును రోజూ కొంటారు. నశించని పదార్థంతో క్షణకాలపు సరుకు తయారుచేయటమనే వైరుధ్యం ఇక్కడే పుట్టింది. లాభం కంపెనీలకు దక్కింది. చెత్త సమాజం నెత్తిన పడింది.

ఈ భారం ఎవరు మోయాలనే వివాదం ప్లాస్టిక్ సీసాలకంటె ముందే మొదలయింది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం 1953లో, వాపసు తీసుకోని సీసాలలో బీరు అమ్మటాన్ని నిషేధించింది. ఆ ఏడే డబ్బాలూ, సీసాలూ తయారుచేసే కంపెనీలు ఇతర వ్యాపార సంస్థలతో కలసి 'కీప్ అమెరికా బ్యూటిఫుల్' అనే సంఘాన్ని స్థాపించాయి. చెత్త వేసే మనిషే దోషి అన్నది దాని ప్రచారసారం. వెర్మాంట్ చట్టం 1957లో గడువు తీరి పోయింది. సంఘం మాత్రం నిలిచింది, దాని నీతిబోధ ప్రపంచమంతా వ్యాపించింది.

ఐతే సముద్రం వేరే సాక్ష్యం చెప్పింది. 1972లో కార్పెంటర్, స్మిత్ అనే శాస్త్రజ్ఞులు సర్గాసో సముద్రంపై తేలుతున్న ప్లాస్టిక్ ముక్కలను గురించి ప్రకటించారు. వాటిలో అధికభాగం తెల్లని చిన్న గుళికలు. కర్మాగారాలలో వస్తువులు పోతపోయటానికి వాడే ముడిసరుకు కూడా ఇటువంటి గుళికలే.

అర్ధశతాబ్ది తర్వాత, 2021 మే నెలలో, కొలంబో సమీపాన 'ఎక్స్‌ప్రెస్ పెర్ల్' ఓడ తగులబడి, ఆ తర్వాత మునిగిపోయింది. అందులోని సుమారు 1,680 టన్నుల గుళికలు సముద్రం పాలైనాయి. శ్రీలంక పశ్చిమతీరం తెల్లబడింది. చేపలవేట నిషేధంతో జాలరుల బ్రతుకుతెరువు పోయింది. ఆ గుళికలు ఏ గృహిణి చేతికీ రాలేదు, ఏ పిల్లవాడూ పారవేయలేదు. ఎవరి అశుభ్రతను నిందిద్దాం? నాలుగేళ్ళ తర్వాత, 2025 జూలైలో, శ్రీలంక సుప్రీంకోర్టు ఓడ తాలూకు కంపెనీలను 100 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించమన్నది.

మరుసటి నెలలో జెనీవాలో ప్లాస్టిక్ ఒప్పందానికై జరిగిన అంతర్జాతీయ చర్చలు ఫలితం లేకుండా ముగిశాయి. ఉత్పత్తికి హద్దు ఉండాలా అన్నదే అక్కడి ప్రధాన విభేదాలలో ఒకటి. చమురు దేశాలు హద్దు వద్దన్నాయి.

చెత్త ఏరే చేతులను తప్పుపట్టనవసరం లేదు. కాని ఏరేవాడికి ఈ చరిత్ర తెలియాలి. తెలిస్తే అతని ప్రశ్న తీరం దగ్గర ఆగదు, కర్మాగారం గుమ్మందాకా పోతుంది.