ఇటలీభాషయు మన విద్యార్థులును

తెలుగునకు 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అను బిరుదము కలదని మన సభలలో వక్తలు చెప్పని దినము లేదు. పదములు సాధారణముగా నచ్చులతో ముగియుటయే యీ పోలికకు మూలము. అమ్మ, కొండ, వాన యని మనమెట్లు పలుకుదుమో, కాసా, లీబ్రో, అమీకో యని వారట్లే పలుకుదురు. ఈ బిరుదమును ధరించి మురిసిన మనలో నా భాషను నేర్చినవారెందఱు? దాంతే ప్రశంసయు, మాట్సినీ గారిబాల్డీల చరిత్రములును మనకు హెచ్చుగా నింగ్లీషు ద్వారముననే చేరినవి. నేరుగా నా గడప త్రొక్కిన తెలుగువారు మిక్కిలి యరుదు.

ఇటలీవారు మాత్రమట్లు చేయలేదు. ఫ్లారెన్సు వర్తకుడు ఫిలిప్పో సస్సెట్టి 1583 మొదలు 1588 వఱకు కొచ్చిన్, గోవా ప్రాంతములందుండి, బేరసారముల నడుమనే సంస్కృతపదములను విని, సప్తకును సెత్తెకును, నవకును నోవెకును, సర్పమునకును సెర్పెకును గల చుట్టఱికమును స్వదేశమునకు వ్రాసి పంపెను.

అంతకంటె గొప్ప దృష్టాంతము రాబర్టో దె నోబిలి. 1577లో ఇటలీయందు గొప్పవంశమున జన్మించిన యీ జెసూయిట్ ఫాదరీ 1605లో గోవా చేరి, 1606లో మధురకు వచ్చెను. మధురను నాడు తెలుగు నాయకులు పాలించుచుండిరి. అచట నంతకు పూర్వమే 1595 నుండి గొంసాలో ఫెర్నాండెస్ అను పోర్చుగీసు ఫాదరీ యుండెను. ఆయన తన యుడుపును తిండిని మార్చుకొనలేదు. ఊరివారికి పరంగిగానే మిగిలెను. నోబిలి వేఱుదారి పట్టెను. కావివస్త్రము దాల్చి, పావుకోళ్లు తొడిగి, మాంసము మాని, దినమునకొకపూట యన్నము తినుచు, వేఱింట కాపురముండి తమిళమును, సంస్కృతమును, తెలుగును నేర్చెను. సంస్కృతము చెప్పినవాడు శివధర్ముడను తెలుగు బ్రాహ్మణుడు. వేదమును విదేశీయునకు చెప్పుట నాడు మహాపరాధము. సంగతి బయటపడినచో గురువునకు ప్రాణగండమే. శిష్యుని పేరు రోమువఱకు మ్రోగినది. గురువు పేరు మనవారిలోనే యెఱిగినవారు కొలదిమంది.

నోబిలి యుద్దేశము మతప్రచారము. అతడు శిఖను, యజ్ఞోపవీతమును, చందనమును సమర్థించుటను స్వమతస్థులే తప్పుపట్టగా, వివాదము రోమునకెక్కి, 1623లో పదునైదవ గ్రెగరీ పోపు ఉత్తరువుతో గాని తీరలేదు. అగ్రకులాచారములకు తలయొగ్గి తక్కినవారిని దూరముంచిన యీ పద్ధతి సంస్కారప్రియులకు రుచింపదు. రుచింపనక్కరయు లేదు. కాని పరదేశమున విద్యార్థి యెట్లు నివసింపవలెనో యతని జీవితమున చూడవచ్చును.

ఇక మన వైపునకు వత్తము. హైదరాబాదు నుండి కరీంనగరమునకు పోవు రాజమార్గమున, సిద్దిపేటకు ముందు తగులు కుకునూరుపల్లిని తలపుడు. 1948 వఱకు నిజాము పాలనలో నిట్టి యూరి బాలుడు పెద్దచదువు కోరినచో, సొంతదేశముననే పరభాషలో విద్యార్థి కావలసి వచ్చెడిది. కచేరీభాష ఉర్దూ, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు నుర్దూయే. తల్లిభాషను వెనుకకు నెట్టిన యా నిర్బంధమును మెచ్చజాలము. అయినను పరభాషను బజారులో, కచేరిలో, స్నేహితుని యింట చెవితో నేర్చుట మన పల్లెలకు క్రొత్తగాదు.

నేడు నిర్బంధము లేదు. చిక్కు వేఱొకటి వచ్చినది. ఇటలీ విశ్వవిద్యాలయములలో పెక్కు చదువులు ఇంగ్లీషుననే దొరకుచున్నవి. తరగతిలో ఇంగ్లీషు, గదిలో తెలుగు, ఇటాలియను రొట్టెల యంగడిలో మాత్రమే! ఇట్లు రెండేండ్లు గడపి పట్టముతో మరలివచ్చువాడు ఇటలీని చూచినవాడే గాని యందు బ్రదికినవాడు కాడు. దేశము చేరిన యెనిమిది పనిదినములలో నివాసానుమతికై తపాలాకచేరిలో దరఖాస్తు పెట్టవలెను. అది మొదలు ఇంటి యద్దె యొడంబడిక, వైద్యుని చీటి, నౌకరి సంప్రదింపు, అన్నిట ఇటాలియనుతోనే పని. భాష రానివాడు ప్రతిదానికి నొక స్నేహితుని వెంటబెట్టుకొని తిరుగవలసినదే.

నేర్చుట మనకంత కఠినమును కాదు. సేతె యన దాహము, సెత్తె యన నేడు. నోనో యన తొమ్మిదవది, నొన్నో యన తాత. ఈ ద్విత్వభేదము ఇంగ్లీషువాని చెవికి సులభముగా నందదు. గడి, గడ్డి యనుచు పెరిగిన మనకది పుట్టువిద్య. నీవు, మీరు అను భేదమును వారికి కలదు. చనవరిని 'తూ' యనియు, గౌరవింపదగినవారిని 'లేయి' యనియు పిలుతురు. లేయి యను మాటకు 'ఆమె' యనియు నర్థము. గడ్డము పెంచిన యాచార్యునకును నదే మర్యాద!

పెరూజియా నగరమున విదేశీయులకై 1925లో నొక విశ్వవిద్యాలయమే యేర్పడినది. బెంగాలీ దంపతులకు జన్మించి, ఇంగ్లీషు కథలచే అమెరికాలో ప్రసిద్ధికెక్కిన ఝుంపా లాహిరి 2012లో సకుటుంబముగా రోమునకు మకాము మార్చి, 2015లో ఇటాలియనుననే యొక గ్రంథము ప్రకటించెను. అప్పటికామె నలువది దాటినది. మన విద్యార్థులు ఇరువది రెండేండ్లవారు.

నోబిలివలె తిండి మార్చుకొనుమని నేను చెప్పను. ఆవకాయ జాడీ వెంట కొనిపోవచ్చును. కలాబ్రియా సీమవారు మిరపకాయకు వెఱచువారు కారు, వారికిని కొంత పెట్టవచ్చును. అద్దెగది వెదకునపుడు మాత్రము, తెలుగువారెల్ల గుమిగూడిన యింటిని విడిచి, ఆ దేశపు విద్యార్థులుండు నింట నొక గది చూచుకొనుట మేలు. అద్దె యించుక హెచ్చైనను.