అర్రేల లోకంలోకి ఆబ్జెక్టులు

వెయ్యి అంకెలు కూడాలంటే చాలా కంప్యూటర్ భాషల్లో ఒక్కొక్కటే తీసి కలిపే లూప్ రాయాలి. ఏపీఎల్‌లో రెండు గుర్తులు చాలు: కూడిక గుర్తు, దాని పక్కన ఏటవాలు గీత. అంకెల వరుస మొత్తం, అంటే అర్రే, ఆ భాషకు ఒకే విలువ.

కెనడాలో పుట్టిన కెన్నెత్ ఐవర్సన్ హార్వర్డ్‌లో పాఠాలు చెబుతూ ఈ సంకేతలిపికి రూపం ఇచ్చారు. 1962లో ‘ఎ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ పుస్తకం వెలువడింది. దాని పొడి అక్షరాలే భాషకు పేరయ్యాయి. 1966 నాటికి అది ఐబీఎం యంత్రాల మీద నడిచింది. 1979లో ఐవర్సన్‌కు ట్యూరింగ్ అవార్డు దక్కింది.

1960లలోనే ఓస్లోలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ సిములా భాషను తీర్చిదిద్దారు. సమాచారాన్నీ, దాని మీద జరిగే పనులనూ ఒకేచోట ఉంచే ‘క్లాస్’ అందులోదే. ఆ క్లాస్ నమూనాతో తయారయ్యే ఒక్కొక్కటీ ఒక ఆబ్జెక్టు. ఈ రెండు ఆలోచనలూ చాలాకాలం ఎవరి దారిన అవి సాగాయి.

వాటిని కలిపింది అవసరమే. 1983లో బ్రిటన్‌లో మొదలైన డయలాగ్ ఏపీఎల్, 1990లలో విండోస్ మీదికి వచ్చింది. అక్కడ కిటికీ, బటన్, ఎక్సెల్ షీటు అన్నీ ఆబ్జెక్టులే. ఆ తర్వాత వచ్చిన డాట్ నెట్ లైబ్రరీలూ అంతే. వాటితో పనిచేయాలంటే ఏపీఎల్‌కూ ఆబ్జెక్టుల భాష రావాలి. 2006లో వచ్చిన 11వ వెర్షన్‌లో సొంతంగా క్లాసులు రాసుకునే వీలు కలిగింది.

అయినా డయలాగ్ తన స్వభావం వదులుకోలేదు. ఆబ్జెక్టులు కూడా అర్రేలో ఇమిడిపోయాయి. వంద బ్యాంకు ఖాతాల ఆబ్జెక్టులు ఒక వరుసలో ఉన్నాయనుకుందాం. వరుస పేరు రాసి, చుక్క పెట్టి, నిల్వ అని అడిగితే వంద నిల్వలూ ఒక్కసారే వస్తాయి. దాని ముందు కూడిక గుర్తు, ఏటవాలు గీత పెడితే మొత్తం తేలుతుంది. లూప్ ఊసే లేదు! అర్రే భాష ఆబ్జెక్టుల పద్ధతికి ఇచ్చిన అసలైన కానుక ఇదే.

తోటి భాషలూ ఆ దారి పట్టాయి. ఐవర్సన్, రోజర్ హుయ్ 1990లో తెచ్చిన జే భాషలో ‘లొకేల్’ అనే పేర్ల అరలతో ఆబ్జెక్టులు కడతారు. మ్యాట్‌ల్యాబ్ 2008లో క్లాసుల రాతపద్ధతిని కొత్తగా తీర్చింది.

రోజువారీ పనిలో ఆబ్జెక్టు బాగా అక్కరకొచ్చేది బయటి ప్రపంచాన్ని తాకే చోట. ఫైలుకు ఒక క్లాస్ రాస్తే, ఆబ్జెక్టు పుట్టగానే ఫైలు తెరుచుకుంటుంది, అది పోగానే మూతపడుతుంది. లక్షల బీమా పాలసీల లెక్క వేరు. ఒక్కో పాలసీనీ ఆబ్జెక్టు చేస్తే మెమరీ భారమై వేగం తగ్గుతుంది. అక్కడ వయసులు ఒక నిలువు వరుసగా, ప్రీమియంలు మరో నిలువు వరుసగా ఉంచి, పట్టిక మొత్తానికీ ఒకే ఆబ్జెక్టు పెట్టుకోవడం మేలు.